దాది నయం చేసింది

వకుళకి మొగుడి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన తప్పు చేయడు.

ఇరవై ఆరేళ్ళ కాపురంలో జోగారావు చేతుల మీదుగా ఒక్క తప్పు కూడా జరగలేదు. రైలు తప్పిపోతే అది ప్లాట్‌ఫారం మార్చినవాళ్ళ వల్ల. పాలు పొంగితే గిన్నె చిన్నదవడం వల్ల. గొడుగు ఆటోలో ఉండిపోతే, నల్ల గొడుగుకి నల్ల సీటు కుట్టించిన ఆటోవాడి వల్ల. పెళ్ళిచూపులకి వచ్చిన రోజున వకుళ వాళ్ళ పక్కింట్లోకి దూరి, జీడిపప్పు ఉప్మా తిని, అక్కడ టీవీ చూస్తున్న అమ్మాయిని చూసి తలూపి వచ్చేశాడు. అది కూడా గుమ్మాల మీద నంబర్లు సరిగ్గా రాయించని మునిసిపాలిటీ వల్లే. ఇంత నిర్దోషితో కాపురం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుస్తుంది. ఇంట్లో జరిగే తప్పులన్నీ ఎవరో ఒకరు చేయాలి కదా. పిల్లలు వెళ్ళిపోయి ఇద్దరే మిగిలిన ఇంట్లో ఆ ఎవరో ఒకరు ఎవరన్నది చెప్పక్కర్లేదు.

అలాంటి మనిషికి తగ్గ ఉద్యోగమే దొరికింది. విశాఖపట్నంలో కొండ మీద తీర సూచన కేంద్రం ఉంది. అందులో అయిదువందల పన్నెండు కంప్యూటర్లు. వాటికి తెరల్లేవు, కీబోర్డుల్లేవు. ఇనుప అరల్లో ఒకదాని మీద ఒకటి పడుకుని, ఏసీ చలిలో రొద పెడుతూ, అన్నీ కలిసి ఒకే లెక్క చేస్తుంటాయి. తుఫాను వస్తే సముద్రం ఏ ఊళ్ళో ఎంతవరకు లోపలికి వస్తుంది, అని. ఆ లెక్క చూసే బులెటిన్ రాస్తారు. బులెటిన్ చూసే ఊళ్ళకి బస్సులు పంపుతారు.

ఒకప్పుడు ఈ కంప్యూటర్లను ఒక్కొక్కటిగా చేత్తోనే సిద్ధం చేసేవారు. ఆ పని నూకరత్నానిది. డిప్లొమా చదివిన పిల్ల, భీమిలి అవతల ఇసకరేవు అనే పల్లెకారుల ఊరినుంచి వచ్చింది. చక్రాల బల్ల మీద ఒక తెర, ఒక కీబోర్డు పెట్టుకుని అరల మధ్య తోసుకుంటూ, ఒక్కోదానికీ తగిలించి, లినక్స్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి, పేరు పెట్టి, చిరునామా ఇచ్చి, లెక్కకి కావలసిన పట్టికలన్నీ పోసి, తరవాతదాని దగ్గరికి వెళ్ళేది. చివరిదానికి వచ్చేసరికి మొదటిది పాతబడేది. ఒకదాంట్లో ఏ చిన్న తేడా ఉన్నా లెక్క మొత్తం తలకిందులయ్యేది. ఆ రోజుల్లో జోగారావు ఇంటికొచ్చి కంప్యూటర్లను తిట్టేవాడు. తిట్టేందుకు బయట అయిదువందల పన్నెండు ఉండటం వల్ల వకుళకి కొంత విశ్రాంతి ఉండేది.

అందుకే ఆయన నాలుగేళ్ళు కూర్చుని దాదిని తయారుచేశాడు.

దాది ప్రోగ్రామే, కానీ దానికి కొంత తెలివి కూడా ఉంది. దసరాకి ముందు ఒకరోజు కుటుంబాలను పిలిచి చూపించారు. జోగారావు తలలో ఏమీ లేని కొత్త కంప్యూటర్ని అరలోకి తోసి, బొత్తాం నొక్కి, చేతులు దులుపుకున్నాడు.

"ఇప్పుడది తీగ మీద కేక వేస్తుంది, నేనెవరిని అని," వకుళకి చెప్పాడు. "దాది విని, నువ్వు మూడువందల పన్నెండువి, ఇదిగో నీ చిరునామా, ఇదిగో నీ లినక్స్, ఇవిగో నీ పట్టికలు, పోయి పని చూసుకో అంటుంది. మనిషి చెయ్యి పడక్కర్లేదు."

"ఎంతసేపు?"

"తొమ్మిది నిమిషాలు."

"ఇడ్లీ వాయకి ఎక్కువ పడుతుంది," అంది వకుళ. "అయితే అన్నీ ఒకే ప్లేటులో ఇడ్లీలన్నమాట."

"నీ ఇడ్లీల్లా కాదు. ఇవన్నీ ఒకేలా ఉంటాయి."

కన్న ఇద్దరు పిల్లలకీ ఒక్కసారి తలంటి ఎరగని మనిషి అయిదువందల మందికి దాదిని పెట్టాడే అనుకుని వకుళ నవ్వుకుంది.

అసలు విశేషం పుట్టించడంలో లేదు, పెంచడంలో ఉంది. దాది అరగంటకోసారి ప్రతి కంప్యూటర్ నాడీ పట్టుకు చూస్తుంది. ఏదైనా మిగతావాటికంటే వేరుగా కనిపిస్తే, దాని తల పూర్తిగా తుడిచేసి మళ్ళీ మొదటినుంచి పుట్టిస్తుంది. ఆ సంగతి జోగారావు ఫోన్‌కి ఒక్క ముక్కలో రాస్తుంది. ఆ ముక్క తెలుగులో బావుండాలని ఆయన వకుళని అడిగాడు. కాలేజీలో తెలుగు చదివిన పాపానికి ఆవిడ చెప్పింది: "తుడిచేశాను అంటే హత్యలా ఉంటుంది. నయం చేశాను అనమనండి."

"జబ్బో కాదో దానికెలా తెలుస్తాది సార్?" అని ఆ రోజు నూకరత్నం అడిగింది.

"ఒకటో నంబర్‌తో పోల్చుకుంటుంది. ఒకటో నంబర్ లాగా ఉంటే ఆరోగ్యం."

"ఒకటో నంబర్ని ఎవరు పెట్టేరు సార్?"

"నేను," అన్నాడు జోగారావు. చర్చ అక్కడితో ముగిసింది.

దాది వచ్చాక నూకరత్నానికి దుమ్ము దులపడం, తీగలు మార్చడం మిగిలాయి. ఒక్క అరవై ఒకటో కంప్యూటర్ మాత్రం దాది చేతికి అందలేదు. దాన్ని తీగకి కలిపే కార్డు పాడైంది, కొత్తది రావాలి. దాన్ని నూకరత్నం పాత పద్ధతిలో తన చేత్తోనే సిద్ధం చేసి, ఓ మూల విడిగా నడుపుకునేది. ఆదివారాలు ఊరినుంచి వస్తూ వకుళకి వంజరం ముక్కలు తెచ్చి, వంటింటి గట్టు మీద కూర్చుని, "నాకూ నా అరవై ఒకటికీ ఉద్యోగం ఎన్నాళ్ళో అక్కా," అనేది. వకుళ చేపలు కడుగుతూ, "మీ సార్ని రిటైర్ చేసే దాదిని కూడా ఎవరైనా తయారుచేస్తే బావుణ్ణు. పొద్దస్తమానం ఇంట్లో ఉంటే మాత్రం వద్దు," అనేది.

కార్తీక అమావాస్యకి తుఫాను వచ్చింది. దాది చేతి కింద మొదటి తుఫాను.

రెండు రోజులు జోగారావు ఇంటికి రాలేదు. తీరం దాటేది మర్నాడు పొద్దున్న తొమ్మిదికి అని తేలాక, మధ్యాహ్నం పన్నెండింటికి కళ్ళు ఎర్రగా వచ్చి, చారన్నం తిని, ఫోన్ ఆపేశాడు. "ఇల్లు కూలినా లేపకు. నాలుగింటి బులెటిన్‌కి లెక్క సిద్ధంగా ఉంది. దాది చేతిలో నయం కాని జబ్బేదైనా వస్తే కేంద్రం నుంచి మనిషే వస్తాడు," అని, కళ్ళ మీద తడితువ్వాలు వేసుకుని పడుకున్నాడు.

రెండున్నర దాటాక వకుళ ఫోన్ మోగింది.

"అక్కా, సార్ని ఒక్కసారి లేపండి." నూకరత్నం గొంతు పరిగెత్తి వచ్చినట్టుంది.

"రెండు రోజులకి ఇప్పుడు కన్నంటుకుందమ్మా. ఏమైంది?"

"అరవై ఒకటిని దాది చెరిపేత్తంది. పొద్దున్న దాని చేత కూడా తుఫాను లెక్క చేయించేను, అలవాటు చొప్పున. మిగతావన్నీ మా ఊళ్ళో నీరు రోడ్డు అంచున ఆగిపోద్దంటన్నాయి. ఇదొక్కటీ బడి అరుగు దాటేత్తాదంటంది. ఏటబ్బా అని, సార్‌కి ఈ లెక్క కూడా అందాలని కొత్త కార్డు తగిలించి తీగకి కలిపేను. అంతే, దాది చూసింది, జబ్బని చెరిపేసింది. మళ్ళీ చేత్తో పెట్టేను. మళ్ళీ చెరిపేసింది. మూడోసారి తీగ పీకేసి నలభై నిమిషాలు కాపలా కాసి లెక్క పూర్తి చేయించేను. అదే మాట అక్కా. బడి అరుగు."

"అయిదువందల పదకొండు ఒక మాట చెప్తుంటే, ఇదొక్కటీ ఇంకో మాట అంటోందా?"

"అవునక్కా. ఏది తప్పో నాను చెప్పలేను. సార్ చూడాల. బులెటిన్ రాసేవాళ్ళు సార్ మాట లేందే అంకె మార్చరు. బులెటిన్‌లో మా ఊరు లేకపోతే బస్సు రాదు. మా అమ్మ మోకాళ్ళతో నాలుగు మైళ్ళు నడవలేదు."

వకుళ గడియారం చూసింది. రెండూ నలభై.

"నాలుగింటికి ముందే లేపుతాలే."

"లేపండేం. నాను మా అమ్మకి చెప్పేస్తాను, బస్సు వస్తాదని."

"చెప్పు."

వకుళ మరిచిపోలేదు. మరిచిపోయి ఉంటే తరవాత ఆవిడకి ఎంతో తేలిగ్గా ఉండేది. మూడున్నరకి గదిలోకి వెళ్ళింది. జోగారావు నోరు తెరుచుకుని, రెండు రోజుల గడ్డంతో, ముసలివాడిలా పడి ఉన్నాడు. లేపితే ఏమంటాడో తెలుసు. అయిదువందల పదకొండు ఒకవైపు, పాడైన కార్డుతో మూల పడున్న ఒకటి ఒకవైపు. పాపం, ఆ పిల్లకి ఊరి మీద బెంగ. పైగా తన చేత్తో పెట్టిన కంప్యూటర్ మీద మమకారం. ఇరవై ఆరేళ్ళు పక్కనుండి చూసిన వకుళకి కూడా, ఎప్పుడు అలవాటైందో గానీ, ఆయన తప్పు చేస్తాడన్న ఆలోచన రాలేదు. నవ్వుకోవడం వేరు, అనుమానించడం వేరు. కిటికీ తెర ఇంకాస్త దగ్గరికి లాగి, చప్పుడు కాకుండా తలుపు మూసింది.

నాలుగూ పదికి మళ్ళీ ఫోన్ మోగింది. నూకరత్నం పేరు చూసి, ఆగిపోయేదాకా చేతిలో పట్టుకుని నిలబడింది.

అయిదింటికి జోగారావు లేచి, ఫోన్ ఆన్ చేసి, కాఫీ తాగుతూ దాది రాసిన ముక్క చూపించాడు. "అరవై ఒకటో కంప్యూటర్ జబ్బుగా ఉంది. రెండోసారి నయం చేశాను."

"చూశావా? నేను నిద్రపోయినా పని ఆగలేదు. బులెటిన్ కూడా టైముకి వెళ్ళింది."

అప్పుడు చెప్పొచ్చు. చెబుదామని నోరు తెరిచింది కూడా. చెబితే, నాలుగింటికి ముందు ఎందుకు లేపలేదంటాడు. ఇంట్లో జరిగిన తప్పుల పట్టీలో ఇంకొకటి చేరుతుంది, బతికినన్నాళ్ళూ వినాలి. ఎలాగూ బులెటిన్ వెళ్ళిపోయింది.

"పకోడీలు వేయనా?" అంది వకుళ.

*

మర్నాడు పొద్దున్న సముద్రం ఇసకరేవు రోడ్డు అంచున ఆగలేదు. బడి అరుగెక్కి, లోపల నల్లబల్ల కింది అంచు దాకా వచ్చి, పదకొండింటికి తీరిగ్గా వెనక్కి వెళ్ళింది. ఊళ్ళో ఆరుగురు పోయారు. నూకరత్నం తల్లి పోలమ్మ రోడ్డు పక్క బస్సాగే చోట దొరికింది. చంకలో సంచీ, సంచీలో మందులు, రేషన్ కార్డు, ఒక కొత్త చీర. తెల్లవారకముందే వచ్చి కూర్చుందట, బస్సు వస్తుందని. ఊళ్ళో ఫోన్లు పలకకపోతే నూకరత్నం ముందురోజు సాయంత్రం ఆరింటికి కేంద్రం నుంచి స్కూటర్ మీద బయల్దేరింది కానీ, దారిలో చెట్లు పడి రోడ్డు మూసేశారు. వెనక్కి పంపేశారు.

విచారణకి ముగ్గురు పెద్దమనుషులను వేశారు. దాది రాసుకున్నవన్నీ చదివారు. దాది అబద్ధం ఆడదు: అరవై ఒకటో కంప్యూటర్‌ని నూకరత్నం అనే ఉద్యోగి అనుమతి లేకుండా రెండుసార్లు మార్చింది, ఒకసారి తీగ పీకింది. నీరు ఎంత వస్తుందో ఆమెకి ముందురోజే తెలుసు. తెలిసీ పై అధికారికి చెప్పలేదు.

చెప్పానంది నూకరత్నం. సార్ వాళ్ళింటికి ఫోన్ చేశానంది. కేంద్రం నుంచి ఒక గుమాస్తా కాగితాలు పట్టుకుని వకుళ దగ్గరికి వచ్చాడు.

"రెండూ ముప్ఫై ఏడుకి మీకు ఫోన్ వచ్చిందండి. నాలుగు నిమిషాలు మాట్లాడేరు. ఏటి మాట్లాడేరండి?"

హాల్లో జోగారావు కూర్చుని ఉన్నాడు. తుఫాను తరవాత ఆయన తిండి సగమైంది. కాగితాలు ముందేసుకుని వాటికేసే చూస్తుంటాడు.

"తుఫాను కదా," అంది వకుళ. "ఎలా ఉన్నారని అడిగింది. నేనూ అడిగాను."

గుమాస్తా రాసుకుని, కాఫీ తాగి వెళ్ళాడు. జోగారావు తలెత్తలేదు. నిజంగానే ఆయనకి ఏమీ తెలియదు.

*

పది రోజుల తరవాత వకుళ ఇసకరేవు వెళ్ళింది. ఎందుకు వెళ్తున్నదీ తనకే స్పష్టంగా తెలియదు. రెండు దుప్పట్లు, పులిహోర డబ్బా పట్టుకెళ్ళింది. బడి గదిలో నాలుగు కుటుంబాలు ఉంటున్నాయి. గోడల మీద నీళ్ళు నిలిచిన మేరకి బూడిదరంగు గీత. నూకరత్నం అరుగు మీద కూర్చుని, ఉప్పునీటికి బిగుసుకుపోయిన ఎవరిదో కుట్టుమిషన్ విప్పి నూనె వేస్తోంది.

"రండక్కా," అంది, లేవకుండా.

వకుళ పక్కన కూర్చుంది.

"ఎందుకలా జరిగిందో దొరికిందక్కా," నూకరత్నమే మొదలుపెట్టింది. "నన్ను గేటు బయట నిలబెట్టే ముందే ఒకటో నంబర్ విప్పి చూసేను. లెక్కకి సముద్రం పోటు పట్టిక పెట్టాల. ఏడాది మొత్తానికీ, రోజుకి రెండు పోట్లు. నా అరవై ఒకటిలో అదే ఉండీది. సార్ ఒకటో నంబర్ కట్టినప్పుడు ట్రయల్ చూసుకోడానికి ఒక్క రోజు పోటే పెట్టేరు. తరవాత మార్చుదామనుకుని ఉంటారు. దాది అదే చూసి నేర్చుకుంది. అన్నిటికీ అదే పోసింది."

"ఏ రోజుది?"

"తేదీ చూసి లెక్కేసుకున్నాను. అష్టమి." నూకరత్నం చెయ్యి ఆపి సముద్రం వైపు చూసింది. "అష్టమికి సముద్రం బద్ధకంగా ఉంటాదక్కా. ఒడ్డున పడవ తాడు కూడా తడవదు. అమావాస్యకి మోకాలెత్తు లేచి కూకుంటాది. మా ఊళ్ళో చిన్నపిల్లల్ని అడిగినా చెప్తారు. సార్ పెట్టెలన్నిటికీ రోజూ అష్టమే. తుఫాను నాడు కూడా."

వకుళ వంటింట్లో క్యాలెండర్ ఉంది. ప్రతి గడిలో తిథి ఉంటుంది. ఏ రోజు అష్టమో, ఏ రోజు అమావాస్యో ఇరవై ఆరేళ్ళుగా పొద్దున్నే చదువుతూనే ఉంది. అవి సముద్రానికి కూడా వర్తిస్తాయని ఎప్పుడూ తోచలేదు.

"నీ మీద కేసు పెడతారా?"

"ఉద్యోగం పోతాది. అది పోనీండి." నూకరత్నం నూనె గుడ్డని మడతపెట్టింది. "ఊళ్ళో వాళ్ళు వేరేలా అడుగుతన్నారు. నీకు ముందే తెలుసంట కదే, మాకు చెప్పలేదేటి, మీ అమ్మకొక్కద్దానికే చెప్పుకున్నావా, అని. నాను బస్సు వస్తాదనుకున్నాను. బస్సు వస్తే అందరూ ఎక్కుతారు కదా అనుకున్నాను. వేరే చెప్పేదేటుందని ఊరుకున్నాను."

వకుళ పులిహోర డబ్బాని నూకరత్నం వైపు జరిపింది.

"మీరు కుశలం అడిగేరని చెప్పేరంట," అంది నూకరత్నం. కోపంగా అనలేదు. కుట్టుమిషన్‌కి ఏ స్క్రూ పోయిందో చెప్పినట్టు చెప్పింది. "ఆ రోజు మీకు చెప్పేసి నాను నిమ్మళంగా కూర్చున్నాను. నాలుగుదాకా కిందకెళ్ళి టీ కూడా తాగేను."

పులిహోర డబ్బా ఇద్దరి మధ్యా మూత తీయకుండానే ఉండిపోయింది.

ఇంటికొచ్చాక వకుళ మొగుణ్ణి అడిగింది. "ఒకటో నంబర్‌లో అష్టమి పోటు పెట్టారట కదా?"

జోగారావు కళ్ళజోడు తీసి తుడిచాడు. ఆయనకి తెలుసని ఆ తుడవడంలోనే అర్థమైంది. "ట్రయల్ కోసం పెట్టింది. అది ట్రయల్‌కి పెట్టిందని దాది గుర్తుపట్టాలి. గుర్తుపట్టకపోవడం దాని డిజైన్‌లో లోపం."

"దాన్ని డిజైన్ చేసిందెవరండీ?"

ఆయన కళ్ళజోడు పెట్టుకుని, విచారణకి రాస్తున్న రిపోర్టు దగ్గరికి లాక్కున్నాడు. మర్నాడు రిపోర్టులో ఒక వాక్యం చేర్చాడు: 'ప్రాథమిక సమాచారంలో పొరపాటు దొర్లినట్టు గమనించడమైనది.' ఎవరి చేతిలోంచి దొర్లిందో రాయలేదు. వకుళ ఆ వాక్యాన్ని చదివి, తన చేతులకేసి చూసుకుంది.

*

విచారణ చివరి రోజు వకుళని కూడా పిలిచారు. గుమాస్తా రాసుకున్న మాటల కింద సంతకం పెట్టాలి, అంతే, రెండు నిమిషాల పని అన్నారు. కేంద్రంలో పొడవైన గది. గోడ అవతల అయిదువందల పన్నెండు కంప్యూటర్ల రొద సన్నగా వినిపిస్తోంది. బల్ల వెనక ముగ్గురు. ఇటువైపు కుర్చీలో జోగారావు. అటువైపు చివర్న నూకరత్నం, తల్లి సంచీలో దొరికిన కొత్త చీర కట్టుకుని.

జోగారావు చెబుతున్నాడు. "ఆ మధ్యాహ్నం నాకు ఎవరూ చెప్పలేదండి. ఒక్క మాట నా చెవిన వేసి ఉంటే, ఒకటో నంబర్ తెరిచి చూసేవాణ్ణి. అరగంట పని. నాలుగింటి లోపల బులెటిన్ మారేది. బస్సులు వెళ్ళేవి. చెప్పకుండా తీగలు పీకితే నేనేం చేయగలను?"

అందులో అబద్ధం ఒక్కటి కూడా లేదు. నూకరత్నం తల వంచుకుని చీర కుచ్చిళ్ళు చూసుకుంటోంది. ఎదురు చెప్పడం ఎప్పుడో మానేసింది.

మధ్యలో కూర్చున్న పెద్దమనిషి కాగితం ముందుకి జరిపాడు. "ఇవి మీరు చెప్పిన మాటలేనామ్మా? కుశలప్రశ్నలు తప్ప వేరే సంభాషణ జరగలేదని. ఇక్కడ సంతకం పెట్టండి."

వకుళ పెన్ను తీసుకుంది. పెట్టాల్సిన చోట చిన్న గుర్తు కూడా పెట్టి ఉంచారు. జోగారావు ఆవిడకేసి చూడటం లేదు. ఆ కాగితంలో ఆయనకి కొత్త సంగతేమీ లేదు. పెన్ను మూత పెట్టి బల్ల మీద పెట్టేసింది.

"కాదండి," అంది.

"ఏమిటి కాదు?"

"ఆ అమ్మాయి నాకు చెప్పింది. రోడ్డు అంచు కాదు, బడి అరుగు దాటుతుందని చెప్పింది. ఆయన్ని లేపమంది. లేపుతానన్నాను. బస్సు వస్తుందని వాళ్ళమ్మకి చెప్పుకోమన్నాను."

జోగారావు తల తిప్పాడు. ఇరవై ఆరేళ్ళలో ఆయన మొహం అంత ఖాళీగా ఆవిడ ఎప్పుడూ చూడలేదు. "వకుళా, నువ్వేం మాట్లాడుతున్నావో..."

"మీరు కాసేపు ఆగండి." ఆవిడ గొంతు పెద్దదేం కాలేదు. బల్ల వెనక ముగ్గురి వైపు కాక, కుర్చీని అటు తిప్పుకుని నూకరత్నం వైపు కూర్చుంది. ఆ పిల్ల అప్పటికి తలెత్తింది.

"మూడున్నరకి గదిలోకి వెళ్ళాను. లేపలేదు. మరిచిపోయి కాదు, నువ్వు భయపడుతున్నావనుకున్నాను. నాలుగూ పదికి మళ్ళీ చేశావు, చూస్తూ తీయలేదు. అయిదింటికి ఆయన లేచాక కూడా చెప్పలేదు, నన్నంటారని. నిన్ను అడగడానికి వచ్చినప్పుడు అబద్ధం ఆడాను. తప్పు చేసింది నేను, నూకరత్నం. నేనే."